మూత లోపలి మూడు బొట్లు

తొంభైల్లో మాట. రాజమండ్రి స్టేషను వెయిటింగ్ రూములో మా రైలు ఎంత ఆలస్యమైందంటే, చూసి చూసి గోడ మీది బల్లికి కూడా మీసాలొచ్చాయి. పక్కనున్న పెద్దాయన కుర్చీలో కుదురుగా ఉండడు. కూర్చుంటాడు, లేస్తాడు, నా పేపర్లోకి తొంగిచూస్తాడు.

"ఏంటండీ, మీ పెళ్లి ఫొటో ఏమైనా పడిందా?" అన్నాను.

ఆయన ఒక ఫొటో మీద వేలు పెట్టాడు. ఎక్కడో పరాయి దేశంలో యుద్ధం. బాంబు పడిన బడి నుంచి ఒక పాపను ఏదో చెక్కపెట్టె మూత మీద మోసుకొస్తున్నారు.

"ఫిరంగి గుండ్ల ఫ్యాక్టరీలో ప్యాకింగు చేసి రిటైరయ్యానండి. ప్రతి పెట్టె మూత లోపలా సిందూరంతో మూడు బొట్లు పెట్టేవాణ్ణి, శుభమని. ఆ గుండ్లన్నీ మన సైన్యానికే అన్నారు. ఇవి ఆ బొట్లేనంటారా?"

పాప పాదాల పక్కన మూడు నల్ల చుక్కలున్నాయి. నా నోటికి రెండు జిల్లాల్లో జోడీ లేదంటారు. ఆ నోటికి దొరికింది ఇంతే: "మేకులై ఉంటాయిలెండి."

"మేకులు మూలల్లో కదండీ కొడతాం," అన్నాడాయన. రైలొచ్చేదాకా ఉంగరపు వేలిని పంచెకు తుడుస్తూనే ఉన్నాడు.

దసరాకి మా స్కూటరుకు బొట్టు పెట్టే పని అప్పటినుంచి మా ఆవిడదే.