ఐసు గదిలో నాలుగు పెట్టలూ నేనూ

ఆ రోజుల్లో విశాఖపట్నం వాళ్ళకి చలి అంటే ఒక పుకారు. ఎక్కడో ఉందని వినడమే గాని కళ్ళారా చూసినవాడు లేడు. మా వన్ టౌన్ సందుల్లో డిసెంబరులో కూడా చొక్కా వీపుకి అతుక్కునే ఉండేది. దుప్పటి అనే వస్తువుని మా ఇంట్లో దోమల కోసం తప్ప మరో పనికి వాడిన గుర్తు లేదు. అలాంటి ఊళ్ళో పుట్టి, చలికి ఆగే కోడి ఏదో తేల్చుకోబోయి, పెళ్ళి కాకుండానే గడ్డకట్టబోయిన మనిషిని నేనొక్కణ్ణే అయి ఉంటాను. (ఇంకెవరైనా ఉంటే వాళ్ళింకా కరగలేదన్నమాట.)

స్టీల్ ప్లాంటు ఇంకా గోతులూ క్రేన్లుగానే ఉన్న కాలం అది. ఫిషింగ్ హార్బర్ దగ్గర ఒక ఐసు ఫ్యాక్టరీలో నాది అసిస్టెంటు ఉద్యోగం. ఎవరికి అసిస్టెంటునో మానేసేదాకా నాకు తెలియలేదు. మా మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, చింతపల్లి కొండల్లో కాఫీ తోట గుమాస్తా. ఆయన కూతుర్ని నాకివ్వాలని ఆ పిల్ల ఊయలలో ఉన్నప్పుడే పెద్దలు అనుకున్నారు. అయితే మావయ్య అనుకోవడం వేరు, అత్త ఒప్పుకోవడం వేరు. మా అత్త వీధిగుమ్మంలో దగ్గితే పెరట్లో పిల్లి చేతులు కట్టుకుని నిలబడేది. అలాంటి అత్త, పెరట్లో పెంచుకోవడానికి నాలుగు కోళ్ళు పంపమని కబురు పెట్టింది. కాబోయే అల్లుణ్ణి కదా, ఉత్సాహం ఆగలేదు. ఆసుపత్రి నర్సుల్లా తెల్లగా, శుభ్రంగా, నెత్తిమీద అరచెయ్యంత ఎర్ర తురాయితో మెరిసిపోతున్న ఫారం కోళ్ళని ఏరి మరీ నర్సీపట్నం బస్సెక్కించాను. కోడికి అందం ముఖ్యమని నా నమ్మకం.

చలికాలం వచ్చింది. ఆ వెనకే కూతుర్ని వెంటబెట్టుకుని కొండ దిగి అత్తా వచ్చింది. కంబళ్ళు కొనుక్కునే పని మీద మా ఇంట్లో దిగి, చెంబెడు నీళ్ళు తాగి, నన్ను పిలిచింది.

"ఒరే అల్లుడా, అవేం కోళ్ళురా? మంచు పడ్డ మొదటి వారానికే తురాయిలు నల్లబడిపోనాయి. రెండో వారానికి కోళ్ళే పోనాయి!"

"అదికాదత్తా, మరి కొండమీద చలి..."

"కొండమీద సలి నేక ఎండ ఉంటాదేటి? కోడినే ఎంచనేనోడివి, కాపరం ఏటి సేత్తావు నువ్వు?"

అత్త గొంతు తగ్గించింది. (ఆవిడ అరిస్తే భయం లేదు. గొంతు తగ్గిస్తేనే భయం.) "కూర్మన్నపాలెంలో మనోళ్ళ కుర్రోడున్నాడు. గోదారి జిల్లా నించొచ్చి స్టీల్ ప్లాంటులో సేరినాడు. కోటర్సు కూడా ఇత్తారంట. ఈ పాలి నువ్వు పంపిన పెట్టలు సలికాలం దాటితే పిల్ల నీకు. దాటకపోతే ఆడికి."

అత్త వెనక తలుపు పట్టుకుని నిలబడ్డ మా మరదలు నా వైపు చూసింది. ఆ చూపు నిండా ప్రేమే అనుకున్నాను. 'ఈ మనిషికి కోళ్ళ గురించి ఏమీ తెలీదు' అన్న దిగులని పెళ్ళయ్యాక తనే చెప్పింది.

ఆ క్షణం నుంచి నాకు భయం పట్టుకుంది. ఎక్కడ కోడి కూసినా ఉలిక్కిపడేవాణ్ణి. కంచంలో గుడ్డు కనిపిస్తే ముద్ద దిగేది కాదు. హార్బరులో కనిపించిన ప్రతివాణ్ణీ చలికి ఆగే కోడి ఏదని అడిగాను. ఫారం కోళ్ళ వ్యాపారి ఎర్ర పెట్టని చేతిలో పెట్టి, "దీని తాతలు మంచుదేశం వాళ్ళు సార్" అన్నాడు, స్వయంగా వెళ్ళి వాళ్ళింట్లో భోంచేసి వచ్చినట్టు. ఇంకో పెద్దమనిషి మెడ మీద ఒక్క ఈక కూడా లేని పెట్టని తెచ్చి, "మెడకి బట్ట నేకుండా బతికేత్తంది, దీనికి సలో లెక్కా?" అన్నాడు. భయంలో ఉన్నవాడికి ఏ మాటైనా శాస్త్రంలాగే వినిపిస్తుంది. రెండూ కొన్నాను. తెల్లదాని మీద మమకారం చావక అదీ ఒకటి కొన్నాను. నాలుగోది మా బావది. (మా బావంటే చుట్టరికం కాదు. ఐసు దిమ్మలు పగలగొట్టే మిషను దగ్గర నాతో పనిచేసేవాడు. మా వైపు ఇద్దరు మగాళ్ళు రెండుసార్లు టీ తాగితే బావలైపోతారు.) ఆదివారం కూరకని ఊరి నుంచి తెచ్చుకున్న బూడిదరంగు నాటుపెట్ట అది. పొట్టి కాళ్ళు, గుండ్రటి ఒళ్ళు, నెత్తిమీద తురాయి ఉందో లేదో దగ్గరికెళ్ళి వెతుక్కోవాలి. నా కంటికి అది కోడిలా కాదు, మసిగుడ్డలా కనిపించింది.

నాలుగింటినీ గంపలో పెట్టుకుని నేను తల పట్టుకుంటే బావ నవ్వాడు.

"ఇంత ఆలోసన ఏటి బావా? సలి సూడాలంటే కొండే ఎక్కాలేటి? మన కాడ నేదేటి సలి?" అని ఐసు గది వైపు గెడ్డంతో చూపించాడు.

తెల్లవారకముందే మొదలయ్యే హార్బరు పని మధ్యాహ్నానికి సద్దుమణుగుతుంది. ఆ వేళ గంప ఎత్తుకుని ఐసు గదిలోకి వెళ్ళాను. జానెడు మందం చెక్కతలుపు. లోపలివైపు పిడి ఊడిపోయి చాలాకాలమైంది. అందుకే ఒకడు లోపలికెళితే ఇంకొకడు బయట కాపలా ఉండాలన్నది మా ఫ్యాక్టరీ ఆచారం. "నువ్వు తలుపు కొట్టడమే తరువాయి, తీసేత్తాను" అని బావ మాటిచ్చి తలుపు మూశాడు. (ఆ వెంటనే ఎవరో టీకి పిలిచారని తరవాత తెలిసింది. పాపం, పిలిస్తే వెళ్ళకపోవడం మర్యాద కాదు.)

గంప మూత తీశాను. తెల్లపెట్ట ఠీవిగా నాలుగడుగులు వేసి ఆగిపోయింది. తురాయి ఎరుపు నుంచి వంకాయ రంగుకి తిరుగుతోంది. మంచుదేశపు మనవరాలు ఇనస్పెక్టరులా గది చుట్టొచ్చి, నా కాలిమీదెక్కి వణకడం మొదలుపెట్టింది. మెడ బోసిదైతే పరీక్ష మొదలవకుండానే నా చొక్కాలో దూరి, ఆ చల్లటి మెడని నా చంకలో పెట్టింది. నేను వేసిన కేక ఒడిశా దాకా వినిపించి ఉండాలి. అటు బావకి మాత్రం వినిపించలేదు. తలుపు కొట్టాను. గుద్దాను. తన్నాను. బయట పగలూ రాత్రీ ఆగని కంప్రెసరు హోరులో నా తన్నులు నాకే వినిపించలేదు.

అప్పుడు తెలిసింది భయం అంటే ఏమిటో. పళ్ళు టైపు మిషనులా కొట్టుకుంటున్నాయి. ముక్కు ఉందో రాలిపోయిందో తడిమి చూసుకున్నాను. తెల్లారి వేలంలో నన్ను వంజరం చేపల పక్కన పడుకోబెట్టి పాట పాడుతున్నట్టూ, కూర్మన్నపాలెం కుర్రాడు బేరమాడి "ఇది తాజాది కాదండీ" అంటున్నట్టూ కళ్ళకి కట్టింది. చావు కన్నా ఆ మాటకి ఎక్కువ ఏడుపొచ్చింది. ఏడిస్తే కన్నీళ్ళు గడ్డకడతాయని మానుకున్నాను.

ఆ ఏడుపులోనే బూడిద పెట్ట గుర్తొచ్చింది. ఎక్కడా లేదు. పోయిందనుకున్నాను. వెతికితే, గొట్టాల నుంచి వచ్చే గాలి తగలని మూల, పొడి రంపపు పొట్టు మీద ఒక బంతి కనిపించింది. ఒళ్ళంతా ఈకలు ఉబ్బించుకుని, తల రెక్క కింద దోపుకుని, ఒక కాలు పొట్టలోకి ముడుచుకుని, ఒంటికాలి మీద హాయిగా నిద్రపోతోంది! దానికి ధైర్యమూ లేదు, మంచుదేశపు తాతలూ లేరు. పొడి చోటు, గాలి తగలని చోటు వెతుక్కుంది, అంతే. నేనూ వెళ్ళి దాని పక్కన కూలబడ్డాను. మిగతా మూడింటినీ చొక్కాలో వేసుకుని, తల కాలర్లోకి దించి, కాళ్ళు ముడుచుకున్నాను. ఈకలు ఉబ్బించడం ఒక్కటే చేతకాలేదు.

అదే సమయానికి, కొండకి తిరిగి వెళ్ళే ముందు ఎండుచేపలు కొనడానికి అత్తా మరదలూ హార్బరుకొచ్చి, టీ కొట్టు దగ్గర మా బావని, "మా అల్లుడెక్కడున్నాడు బాబూ?" అని అడిగారట. బావ చేతిలో గ్లాసు జారిపోయింది.

"ఓలమ్మో! మా బావ ఐసులో ఉండిపోనాడు!"

తలుపు తెరుచుకుంది. వెలుగులో అత్త. నా కాలర్లోంచి మూడు కోడి తలలూ ఒక మనిషి తలా ఆవిడ వైపు చూశాయి.

"ఒరే అల్లుడా! బతికే ఉన్నావేటిరా?" అంటూ ముందు కోళ్ళనే లెక్క చూసింది. అన్నీ బతికున్నాయి. అప్పుడు నన్ను చూసింది. మరదలు మాత్రం ఏమీ అనకుండా కొత్తగా కొన్న కంబళి విప్పి నా మీద కప్పింది. దాని మీద కొట్టువాడి చీటీ ఇంకా ఉంది.

"అ... అత్తా, బూ... బూడిదది. చి... చిన్న తురాయి. గూడులో పొ... పొడి ఊక..." అన్నాను.

"ముందు నువ్వు కరుగు. తరవాత సెప్పుదువు గానీ" అని బూడిద పెట్టని చంకలో పెట్టుకుంది అత్త. (బావ ఆదివారం పప్పుతో సరిపెట్టుకున్నాడు.) దాని జాతివే ఇంకో మూడు వెతికి పంపాను. చలికాలమంతా నర్సీపట్నం బస్సు కనిపిస్తే చాలు, కండక్టరు ఏ కబురు మోసుకొచ్చాడోనని గోడ చాటుకి తప్పుకునేవాణ్ణి. మామిడి పూత రాలేవేళకి ఒక కండక్టరు నన్ను గోడ చాటునే పట్టుకున్నాడు. "మీ అత్త సెప్పమంది. నాలుగూ ఉన్నాయంట, బూడిదది పొదుగుతోందంట. ముహూర్తం సూసుకోమంది" అన్నాడు. ఆ కండక్టరుని ముద్దు పెట్టుకున్నానని ఊళ్ళో చెప్పుకుంటారు. నిజమే.

పెళ్ళయ్యాక వచ్చిన మొదటి చలికాలం చింతపల్లిలో నాలుగు కంబళ్ళ కింద పళ్ళు కొట్టుకుంటున్న నన్ను చూసి అత్త, "కోడిని బాగానే ఎంచినావురా. నానే అల్లుణ్ణి ఎంచడం సూసుకోనేదు" అంది. ఇప్పుడు అత్త లేదు. కొండల్లో పెరిగిన మా ఆవిడ, విశాఖ ఉక్క పడక, మా గదికి ఏసీ పెట్టించింది. ఆ గదిలో మళ్ళీ నాది అసిస్టెంటు ఉద్యోగమే, రిమోటు తన దగ్గరే ఉంటుంది. తను హాయిగా నిద్రపోతుంది. నేను గాలి తగలని మూలకి జరిగి, తల దుప్పట్లోకి దించి, ఒక కాలు పొట్టలోకి ముడుచుకుంటాను. బట్టతల మీద చల్లగా తగిలినప్పుడల్లా ఆ మెడ బోసి పెట్ట గుర్తొస్తుంది, పాపం, మంచిది. ఒక్కోసారి నిద్రలోనే మా ఆవిడ చెయ్యి చాపి దుప్పటి నా మీదకి లాగుతుంది. దాని మీద కొట్టువాడి చీటీ ఒక్కటే ఉండదు.