ఆలస్యాల కాపలాదారు

మా ఆఫీసులో స్టోరు చూసే పెద్దాయనను అందరం గడియారం మావయ్య అంటాం. తాళాలు తీసే ప్యూను కంటే ముందే ఆయన గుమ్మంలో హాజరు. లోపలికి రాగానే కుర్చీని తలుపు వైపు తిప్పుకొని, ఎవరు ఆలస్యంగా వస్తారా అని కాపు కాసేవాడు. స్టోరులోంచి ఒక్క బల్బు కావాలన్నా మాత్రం రేపు రమ్మనేవాడు.

ఆయన కూతురికీ మా దగ్గరే ఉద్యోగం వచ్చింది. ఆమె ఎండెక్కాక వచ్చి, కాసేపు ఫోను చూసుకొని, ఆ తర్వాత చకచకా పని ముగించేది. ఒకరోజు ఆయన అందరి ముందే ఆమె మీద విరుచుకుపడ్డాడు.

"మా రోజుల్లో పొద్దున్నే సీట్లో ఉండేవాళ్లం, తెలుసా!"

"ఉండి ఏం చేసేవాళ్లు నాన్నా?"

"నీలాంటివాళ్ల మీద ఓ కన్నేసి ఉంచేవాళ్లం," అన్నాడాయన. మేం నవ్వాపుకోలేక ఫైళ్లలో తలలు దూర్చాం.

మర్నాడు ఆయన జ్వరంతో రాలేదు. కూతురు సాయంత్రం ఇంటికి చేరగానే మంచం మీంచే ఆత్రంగా అడిగాడట.

"ఇవాళ ఎంతమందికి ఆలస్యమైందే?"

"ఎవరికీ కాలేదు నాన్నా. చూడ్డానికి నువ్వు లేవుగా!"

ఆ మాటతో ఆయన జ్వరం ఇంకో డిగ్రీ పెరిగిందని ఆమే మాకు నవ్వుతూ చెప్పింది. అదీ, మర్నాడు భోజనాల వేళకు వచ్చి.