ఒక్క వాక్యం కోసం బందరు దాకా

నా వ్యాసాల పుస్తకం గురువారం సాయంత్రం అచ్చుకు వెళ్ళాలి. బుధవారం బందరు హార్బరు ఉన్న గిలకలదిండి నుంచి ఫోన్ వచ్చింది. చేసినవాడు ఏడుకొండలు, ఆ హార్బరులో బోటు నడుపుతాడు. "మేడం గారూ, మా నాన్న గురించి మీరు రాసిన పేజీ అమ్మ వద్దంటందండి. ఏమనుకోకండి" అన్నాడు. అతని చిన్నతనంలో తండ్రి వెంకన్న గారు చేపల వేటకు వెళ్ళిన మూడోరోజు తుఫాను వచ్చింది. బోటు గానీ మనుషులు గానీ మళ్ళీ కనబడలేదు. నిరుడు వాళ్ళింట్లో ఒక రోజంతా కూర్చుని ఆ కథ విని వ్యాసం రాశాను. మర్యాదకు వాళ్ళ ఫోనుకి కూడా పంపాను. ఏడుకొండలు భార్య చదివి వినిపించిందట. ఒక వాక్యం దగ్గర అత్తగారు నాంచారమ్మ గారు లేచి వెళ్ళిపోయారట.

ఆ వాక్యం ఇది: "సముద్రం ఆయన్ని మింగేసి, ఏమీ ఎరగనట్టు ఒడ్డును నాకుతూ పడుకుంది." రాసిన రోజు నాకు నేనే శభాష్ చెప్పుకుని, ఇంకో టీ పెట్టుకుని తాగాను. మైలవరంలో పాతికేళ్ళుగా తెలుగు పాఠాలు చెబుతున్నదాన్ని. నా వాక్యం బాగాలేదని ఎవరైనా అంటే ఒంటికి కారం రాసుకున్నట్టుంటుంది. ప్రచురణకర్తకు చెబితే, "రేపు ఐదింటికల్లా ఆ వ్యాసం ఉందో లేదో తేల్చండి" అన్నారు. పుస్తకంలో నాకు బాగా ఇష్టమైనది అదే. ఫోన్లో తేలే వ్యవహారం కాదని కాలేజీకి సెలవు పెట్టాను.

మర్నాడు పొద్దున ఆరింటి బస్సుకి మైలవరంలో బయలుదేరితే ఏడున్నరకు బెజవాడ బస్టాండులో ఉన్నాను. రెండు ఇడ్లీ తిని ఎనిమిదింటికి బందరు ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. టిక్కెట్టు వందకు అటూ ఇటూ. బోర్డు మీద మచిలీపట్నం అని ఉంటుంది, కండక్టరు మాత్రం "బందరు, బందరు" అనే అరుస్తాడు. బోర్డు పేరు చూసి వచ్చే కొత్తవాళ్ళు కంగారుపడనక్కర్లేదు, రెండూ ఒకటే. పెనమలూరు దాటేదాకా ట్రాఫిక్కులో బస్సు నత్తనడకే. ఉయ్యూరు దగ్గర చెరుకు లోడు ట్రాక్టర్ల వెనక కాసేపు ఆగింది. అక్కడినుంచి పామర్రు మీదుగా రెండు పక్కలా పొలాలు. నేను వాటినేమీ చూడలేదు. నా వాక్యాన్ని ఎలా సమర్థించుకోవాలా అని దారి పొడవునా మాటలు పేర్చుకుంటూ కూర్చున్నాను.

పదింటికి బందరులో దిగి ఆటో ఎక్కాను. హార్బరు దాకా నూట ఇరవై అన్నాడు, వందకు ఒప్పుకున్నాడు. "రొయ్యలకాండీ?" అని అడిగాడు. "కాదు బాబూ, ఒక వాక్యం కోసం" అన్నాను. అద్దంలోంచి నన్నోసారి చూసి, "వాక్యానికి ఇంత దూరమాండీ?" అన్నాడు. అప్పటికి నాకూ అదే అనిపిస్తోంది.

నాంచారమ్మ గారి ఇల్లు హార్బరు వెనక కాలనీలో రెండు గదుల డాబా. వీధి తలుపుకి గడియ లేదు. నీలం రంగు నైలాను తాడు మేకుకి చుట్టి ఉంటుంది. నిరుడూ అలాగే ఉంది. ఆవిడ తాడు విప్పి లోపలికి రమ్మన్నారు, మంచినీళ్ళిచ్చారు, నేను అడగకముందే విషయంలోకి వచ్చారు.

"మింగడానికి ఆవిడేమన్నా రాక్షసా అమ్మా? గంగమ్మ. ఈ మధ్యాన్నం నా కొడుకు మళ్ళీ ఆవిడ దగ్గరికే ఎళ్ళాల. మీ రాత చదివినోళ్ళు బాగుందంటారు. నేను మాత్రం ఆ పూట అన్నం తినలేకపోయా."

దారిలో పేర్చుకున్న మాటలన్నీ పక్కన పెట్టాను. సరే, మారుస్తానన్నాను. సముద్రుడు తన ఒడిలోకి తీసుకున్నాడు అంటే ఎలా ఉంటుందని అడిగాను.

"ఒళ్ళో కూచోడానికి ఆయనేం పసిపిల్లోడు కాదు గదమ్మా. నలభయ్యేళ్ళ మనిషి."

"పోనీ, సముద్రంలో చనిపోయారు అని మామూలుగా రాస్తే?"

"మీరు చూశారా?"

"లేదండీ."

"నేనూ చూళ్ళేదు" అన్నారావిడ. పాఠం అప్పజెప్పలేని పిల్లలు నా ముందు ఎలా నిలబడతారో అలా కూర్చున్నాను నేను.

ఒంటిగంటకు కోడలు చేపల పులుసుతో అన్నం పెట్టింది. సముద్రపు పోటు వస్తేనే బోట్లు కాలువ సముద్రంలో కలిసే మొగ దాటగలవు కాబట్టి ఏడుకొండలు గబగబా తిని సంచి సర్దుకున్నాడు. వారం రోజుల వేట. ఇంట్లో వాతావరణం బరువుగా ఉందని, పలకరిద్దామని, "మళ్ళీ ఎప్పుడొస్తావు బాబూ?" అన్నాను. కోడలు గిన్నెల వైపు తిరిగింది. నాంచారమ్మ గారే అందుకున్నారు. "ఒరే, ఒచ్చాక ఆ కొళాయి సంగతి చూడాల. నీళ్ళు ఊరికే కారతన్నయ్."

"చూత్తాలేమ్మా."

"ఒచ్చాక పాపకి పుట్టెంటికలు తీయించాల. మర్చిపోబాకు" అంది కోడలు. అతను తలూపి వెళ్ళాడు. వెనక్కి తిరగలేదు, వీళ్ళూ గుమ్మం దాటలేదు.

అతను సందు మలుపు తిరిగాక ఆవిడ నా పక్కన కూర్చున్నారు. "ఎప్పుడొత్తావని మేం అడగమమ్మా. అడిగితే ఆ మనిషి ఓ రోజు చెప్పాల. రోజు చెప్పడానికి ఆయన చేతిలో ఏముంది? అందుకని ఓ పని చెప్తాం. ఇంటి కాడ పని ఉన్న మనిషి ఒత్తాడు గదా."

నాకు సిగ్గేసింది. అడగాలో వద్దో తెలియకుండానే అడిగేశాను: "వెంకన్న గారికి ఆ రోజు ఏం చెప్పారు?"

ఆవిడ వీధి తలుపు వైపు చూశారు. "గడియ ఊడిపోయిందయ్యా, ఒచ్చాక కొత్తది బిగించాల అన్నా. రేకు గడియ కాదు, ఇత్తడిది తెత్తానన్నాడు."

కోడలు మెల్లగా అంది: "మా ఆయన ఎన్నిసార్లు బిగిత్తానన్నాడోనండి. ఒప్పుకోదు. ఆ పని మీ నాన్నకి చెప్పాను గదరా అంటది."

నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. సంచిలోంచి ప్రూఫు కాగితం తీసి, సముద్రం, మింగడం, ఒడ్డును నాకడం అన్నీ కొట్టేశాను. పైన పెన్నుతో రాసి ఆవిడకు చదివి వినిపించాను: "వెంకన్న గారు వేటకు వెళ్ళారు. వచ్చాక తలుపుకి గడియ బిగించాలి."

ఆవిడ ఇంకోసారి చదవమన్నారు. చదివాను. "ఇత్తడి గడియ అని రాయండి" అన్నారు.

రాశాను. నాలుగింటికి బందరు బస్టాండులోంచి ప్రచురణకర్తకు ఫోన్ చేసి, వ్యాసం ఉంటుందని చెప్పి, ఆ రెండు వాక్యాలూ చదివాను. ఆయన "సముద్రం లేకపోయినా కనబడుతోందండీ" అన్నారు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని పొలాలన్నీ చూశాను. మాటల్ని ఎంచుకోవడం అంటే అందమైనవి ఏరుకోవడమని ఇన్నేళ్ళూ పిల్లలకు చెప్పుకుంటూ వచ్చాను. ఎంచుకున్న మాటను నమ్ముకుని బతికే మనిషి ఒకరుంటారని, ఆ మనిషి తలుపు తట్టి అడగాలని చెప్పలేదు. నాకు తెలిస్తేగా చెప్పడానికి.

గిలకలదిండి వెళ్ళేవాళ్ళకు ఒక సలహా. పోటు వేళ రోజుకోలా మారుతుంది కాబట్టి, బోట్లు కదలడం చూడాలంటే ముందురోజే అక్కడ ఎవరినైనా కనుక్కుని బయలుదేరండి. బోటు ఎక్కేవాళ్ళని ఎప్పుడొస్తారని మాత్రం అడక్కండి. వచ్చాక చేయాల్సిన పనేదైనా ఉంటే చెప్పండి. నేను వచ్చేటప్పుడు నాంచారమ్మ గారి తలుపు తాడు మళ్ళీ మేకుకి జాగ్రత్తగా చుట్టి వచ్చాను.