చీరముక్కల చేతులు

కుట్టు పంతులమ్మ చనిపోయిందన్న కబురు నాకు కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి వచ్చే బస్సులో తెలిసింది. ఒడిలో లైనింగు బట్టల మూట, చెవి దగ్గర ఫోను. అవతల మా అమ్మ, నేను అవ్వ అనే పిలుస్తాను. "పంతులమ్మ ఇగ లేదు బిడ్డా. పొద్దుగాల గుండె ఆగిందట" అన్నది. ఆమె పట్ల మేమిద్దరం చేసిన తప్పు ఒకటి ఉంది. అది దాచి ఆమె మంచితనం గురించి రాయడానికి నాకు సిగ్గు.

ఎల్లారెడ్డిలో ఆమె ఇంటి ముందు గదిలో నాలుగు కుట్టుమిషన్లు ఉండేవి. 2009లో జాకెట్లు కుట్టడం నేర్చుకోవడానికి వెళ్లాను. పెదాల మధ్య గుండుసూదులు పట్టుకునే మాట్లాడేది, ఎక్కడ మింగేస్తుందోనని మాకు హడలు. కుట్టు వంకర పోతే కసిరేది కాదు. కత్తెర చేతికిచ్చి "విప్పు. విప్పుడు రానోళ్లకు కుట్టుడు రాదు" అనేది. ఒక్కో జాకెట్ నాతో నాలుగుసార్లు విప్పించింది, తల్లీ! ఇప్పుడు నేను బతికేది ఆ చేతిపనితోనే.

మధ్యాహ్నం మమ్మల్ని పంపేశాక ఆమెకు ఇంకో పిచ్చి ఉండేది. "బట్ట ఎప్పుడు పండుకునే ఉండాల్నా? లేచి నిలబడొద్దా?" అనేది. చింతగింజలు నానబెట్టి, రుబ్బి, జిగురుగా ఉడికించి, పాత నూలు చీర ముక్కలు అందులో ముంచి, వంటింటి ఇత్తడి సర్వ మీద పొరలు పొరలుగా పరిచేది. ఎండాక లోపలి సర్వ తీసేస్తే బట్ట సర్వ మిగలాలి. మొదటిది మెడ దగ్గర ఇరుక్కుని రానే లేదు. రెండోది వానగాలికి మెత్తబడి కూలబడింది. మూడోదాన్ని ఎలుకలు తిన్నాయి. "ఎలుకలకైతే నచ్చింది, ఇగ మనుషులకు నచ్చాలె" అని నవ్వి, జిగురులో వేపాకు రసం కలపడం మొదలుపెట్టింది. ఒకసారి కామారెడ్డిలో గణపతులు చేసేవాళ్ల దగ్గర ప్లాస్టర్ పిండి తెచ్చి కుట్టుపూల మీద పోసింది. పూలు చక్కగా అచ్చు దిగాయి గానీ బట్ట పాడైపోయింది. "ఇది బట్టను మింగుతది" అని మళ్లీ ఆ పిండి ముట్టలేదు.

మరుసటేడు నాట్లప్పుడు మా అమ్మ పొలం ఒడ్డు మీద జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. కామారెడ్డి ఆసుపత్రిలో పిండికట్టు తీయించేరోజు పంతులమ్మ కూడా మా వెంట వచ్చింది. కట్టు కోసి తీయగానే అందరం అమ్మ చేయి చూస్తుంటే ఆమె కట్టు లోపలికి తొంగిచూసింది. "అక్కా, నీ చెయ్యి ఇందులనే ఉన్నదే!" అన్నది. ఎంత వద్దన్నా వినకుండా ఆ కట్టును ఒడిలో పెట్టుకుని బస్సులో ఇంటిదాకా తెచ్చుకుంది.

ఇక అప్పటినుంచి చేతులే. నాట్లు వేసే, బీడీలు చుట్టే ఆడవాళ్ల చేతులకు కొబ్బరినూనె రాసి, ఎవరి పాత చీర ముక్కలు వాళ్ల చేతికే తడిపి చుట్టేది. సగం ఎండాక ఒక పక్కన చీరి, వేళ్లు ఒక్కొక్కటే విడిపించి, చీరినచోట కనపడకుండా కుట్టేది. మొట్టమొదటిది మా అమ్మది. ఎర్రచీర చేయి, వంకరగా అతుక్కున్న మణికట్టుతో సహా. కొన్నాళ్లకు ముందు గది గోడ మీద పదకొండు చేతులు వేలాడాయి.

కుండ మూతికి మూకుడు పెట్టగలం గానీ లోకం మూతికి పెట్టలేం కదా. మనుషుల చేతులు చేసి మేకులకు తగిలిస్తున్నదని, అది బాణామతేనని గుసగుసలు మొదలయ్యాయి. ఆ మాట మా వైపు నవ్వులాట కాదు. చేతబడి చేసిందని వేలు చూపితే చాలు, మనిషిని చావగొట్టే ఊళ్లున్నాయి. అంతలో అమ్మకు జ్వరం పట్టుకుంది. వారమైనా తగ్గలేదు. "నా చెయ్యి తెచ్చెయ్యి బిడ్డా, నా పానం దాంట్లనే ఇరికింది" అని ఏడ్చింది. నేను పదో తరగతి చదివినదాన్ని. అట్లాంటిదేమీ ఉండదని చెప్పాల్సింది. చెప్పలేదు. నాకూ భయమేసింది, నిజం అంతే.

వెళ్లి గడపలోనే నిలబడి, లోపల కుట్టుకుంటున్న వాళ్లందరూ వినేలా "మా అవ్వ చెయ్యి మాకిచ్చెయ్" అని అరిచాను. ఆమె పెదాల మధ్య సూదులు తీసి పక్కన పెట్టింది. గోడ మీది చేతిని దించి, వేడినీళ్ల బకెట్లో వేసి, జిగురు కరిగేదాకా నా ముందే పిసికింది. వేళ్లు ఒక్కొక్కటే వదులై మళ్లీ చీరముక్కలయ్యాయి. వాటిని పిండి నా చేతిలో పెట్టి, "సూడు, బట్టనే గదా. అక్కకు జరం గోలి ఏసినవా?" అని అడిగింది.

ఆ తడి ముక్కలు పట్టుకుని వచ్చేశాను. అమ్మ జ్వరం గోలీలకే తగ్గింది. ఆ వారంలోనే మిగతా పదిమందీ వచ్చి తమ చేతులు విప్పించుకుపోయారు. నన్ను చూసే వాళ్లకు ధైర్యం వచ్చిందని నాకు తెలుసు. ఆమె తర్వాత కూడా మాకు పని నేర్పింది, అమ్మ కనబడితే ఆగి పలకరించింది. చేతుల అచ్చులు మాత్రం మళ్లీ తీయలేదు. "తప్పయింది పంతులమ్మా" అనే రెండు మాటలు అనలేక మూడేళ్లు ఆమె ముందు తిరిగాను. ఇప్పుడు అందామంటే మనిషే లేదు.

దినాలు అయిన మర్నాడు అమ్మ తన పాత చీర ఒకటి చింపి నా ముందు పడేసింది.

"ఆమె లెక్క చెయ్యి తీసుడు నీకు వస్తదా?"

"వస్తది."

"అయితే నాది తియ్యి."

జిగురు కాచి తెచ్చేసరికి వాకిట్లో, బాట పక్కనే పీట వేసుకుని కూర్చుంది. "లోపలికి రా అవ్వా, అందరు చూస్తరు" అన్నాను.

"సూడనియ్యే. నాడు అందరు వినేటట్టే అడిగితిమి గదా" అన్నది.

నూనె రాసి, తడి ముక్కలు మణికట్టు నుంచి వేళ్లదాకా చుట్టాను. బాటన పోయేవాళ్లు ఒక్కొక్కరే ఆగారు. నాడు చేయి విప్పించుకుపోయిన వాళ్లూ వాళ్లలో ఉన్నారు. అమ్మ బట్ట చుట్టిన చేతిని ఎండలోకి చాచి, అది ఆరేదాకా దించకుండా అట్లాగే కూర్చుంది.