చెల్లెలి లారీ

కోడుమూరులో ఎమ్మిగనూరు దారి పట్టగానే జీవమ్మ గుజిరీ అంగడి కనిపిస్తుంది. పాత ఇనుము, పగిలిన మిక్సీలు, ఆగిపోయిన టీవీలు, చచ్చిన బ్యాటరీలు, ఊళ్ళో పనికిరానిదంతా చివరికి ఆమె గడపకే చేరుతుంది. జీవమ్మ తూకం వేసి బేరం చేస్తుంది. మొగుడు ఓబన్న వెనక పెరట్లో బ్యాటరీలు గొడ్డలితో పగలగొట్టి సీసం తీస్తాడు, వైర్లు కాల్చి రాగి తీస్తాడు. పెళ్ళయిన నాటి నుంచీ ఇదే వాళ్ళ సేద్యం.

చెల్లెలు ప్రసన్నకుమారికి ఈ పని నేర్పింది కూడా జీవమ్మే. జమ్మలమడుగులో అంగడి పెట్టాలనుకున్నప్పుడు ప్రసన్న కొన్నాళ్ళు అక్క దగ్గరే ఉండి, ఇత్తడికీ రాగికీ తేడా ఏమిటో, ఎవరి తక్కెడను నమ్మకూడదో తెలుసుకుని పోయింది. చెల్లెలు తన చాటున ఉన్నంత కాలం జీవమ్మ ప్రేమకు లోటు లేదు.

తర్వాత జమ్మలమడుగు అంగడి పెరిగింది. గండికోట చూడవచ్చే జనం కోసం లాడ్జీలు లేచాయి. వాటిలో పాడైన ఇన్వర్టర్లూ ఏసీలూ ప్రసన్న దగ్గరికే వచ్చాయి. ఆమె బ్యాటరీలు పగలగొట్టడం మానేసి, లైసెన్సున్న ఫ్యాక్టరీకే పంపాలనుకుంది. నిండు లారీ సరుకుంటేనే వస్తామని వాళ్ళు అన్నారు. ఒక్క ఊరి సరుకుతో లారీ ఎక్కడ నిండుతుంది? అందుకని కడప వైపు గుజిరీ వాళ్ళనూ కర్నూలు వైపు వాళ్ళనూ కలిపి, నడుమనున్న నంద్యాలలో అందరికీ ఒకే షెడ్డు పెట్టాలని అంగడి అంగడీ తిరిగింది. కాలుష్య బోర్డు అధికారులు కూడా సరేనన్నారు.

నంద్యాలలో మీటింగ్ పెట్టారు. ప్రసన్న వేదిక మీద కూర్చుంది, జీవమ్మ కింద ముందు వరసలో కూర్చుంది. ఈ ఆలోచనంతా ప్రసన్నకుమారి గారిదేనని ఒక అధికారి అనగానే చప్పట్లు మోగాయి. ఆదోనిలో గుజిరీ అంగడి నడిపే బసవరాజ్ పక్క కుర్చీలోంచి వంగాడు.

"ఆయమ్మ మీ చెల్లెలంట గదా? శానా తెలివిగలది."

జీవమ్మ తలూపింది. ఇన్నాళ్ళూ ప్రసన్నను అందరూ జీవమ్మ చెల్లెలనేవారు. ఆ పూట తాను ప్రసన్న అక్క అయిపోయింది. మాట్లాడే వంతు వచ్చినప్పుడైనా చెల్లెలు తన పేరెత్తుతుందేమోనని కాచుకుని కూర్చుంది. ప్రసన్న గబగబా నాలుగు ముక్కలు చెప్పి కూర్చుంది. వాటిలో అక్క పేరు లేదు.

ఇంటికి వచ్చాక ఓబన్న అన్నాడు, "ప్రసన్న పాప చేసేది మంచి పనేమ్మే. నా చేతులకు గూడా సత్తువ తగ్గుతాండాది. మనమూ చేరదాం."

"నీకు గూడా ఆమే గొప్పదయిందా?" అంది జీవమ్మ. అన్నం వడ్డించి లోపలికి పోయింది.

మర్నాడు బసవరాజ్‌కు ఫోన్ చేసింది. "ఆ షెడ్డులో సరుకు పెడితే మన పేర్లన్నీ ఆఫీసర్లకు పోతాయప్పా. లైసెన్సు లేదని రేపు అంగళ్ళకు తాళాలేస్తారు." అది అబద్ధమని ఆమెకు తెలుసు. అయినా మాట ఆదోని దాటి ఎమ్మిగనూరు దాకా పాకింది. లారీ వచ్చిన రోజు షెడ్డులో కడప వైపు సరుకే ఉంది. కర్నూలు వైపు వాళ్ళ సరుకుకని వదిలిన గోడ ఖాళీగా ఉంది. సగం లోడుతో పోలేనని డ్రైవరు బండి తిప్పుకుని పోయాడు. ఆ సంగతి విన్న పూట జీవమ్మకు చాలా రోజుల తర్వాత ఆకలేసింది. ఆదివారం చర్చిలో అందరికంటే గట్టిగా పాడింది.

ఆ నెలలోనే ఒక పొద్దున ఓబన్న గొడ్డలి ఎత్తబోతే కుడి మణికట్టు వాలిపోయింది. ఎంత బలవంతం చేసినా చెయ్యి పైకి లేవలేదు. కర్నూలు పెద్దాసుపత్రిలో రక్తం పరీక్ష చేసి, ఒంట్లో సీసం చేరిందన్నారు. ఆ పని ఇక ముట్టుకోవద్దన్నారు.

కబురు తెలిసి ప్రసన్న జొన్నరొట్టెలూ ఊరిబిండి పచ్చడీ కట్టుకుని వచ్చింది. బావ పక్కన కూర్చుని రొట్టె తుంచి పెట్టింది. ఓబన్న నవ్వాడు. ఆసుపత్రికి వచ్చాక అతను నవ్వడం అదే మొదలు. తలుపు దగ్గర నిలబడి చూస్తున్న జీవమ్మకు ఆ నవ్వు కూడా చెల్లెలికే దక్కిందనిపించింది.

ప్రసన్న వరండాలోకి వచ్చింది. "బసవరాజ్‌తో ఆ మాట చెప్పింది నువ్వేనని తెలుసక్కా."

"తెలిసి ఎందుకొచ్చినావు?"

"బావ కోసం వచ్చినా. నీ మీద కోపం ఇంగా పోలేదు."

"ఆ పొద్దు అంతమందిలో నా పేరు చెప్పింటే నీ సొమ్మేం పోయేది? నీ చేతికి సుత్తి ఇచ్చింది ఎవురు?"

ప్రసన్న వరండా గోడకు ఆనుకుంది. "నేనెప్పుడైనా మైకు పట్టుకున్యానా? ముందర కూర్చోని నువ్వు నన్నే చూస్తాంటివి. తప్పు మాట్లాడితే తిడతావని భయమేసింది. ఏం చెప్పినానో నాకే తెల్దు."

జీవమ్మ ఆ మాట పూర్తిగా నమ్మలేదు. కానీ చెల్లెలు ఇంకా తనకు భయపడుతుందని వినడం బాగుంది. అలా బాగుండటమే సిగ్గనిపించింది. లోపల మంచం మీద ఓబన్న ఎడమ చేత్తో రొట్టె తినలేక అవస్థ పడుతున్నాడు.

అతను ఇంటికి చేరాక జీవమ్మ ఆదోని బస్సెక్కింది. బసవరాజ్ ఎదుట నిలబడి, "నేను చెప్పింది అబద్ధమప్పా. కుళ్ళుతో చెప్పినా. నా సరుకు మొదట పంపిస్తాండా, మీరూ పంపియ్యండి," అంది.

"అక్కాచెల్లెండ్ల నడుమ మమ్మల్ని ఇరికించినావు గదమ్మా," అన్నాడతను. కసురుకున్నాడు గానీ సరుకు పంపాడు. అతన్ని చూసి మిగతావాళ్ళు పంపారు. లారీ మళ్ళీ వచ్చి, ఈసారి నిండుగా కదిలింది. పేపరు వాళ్ళు ఫొటో తీస్తుంటే ప్రసన్న అక్క చెయ్యి పట్టుకుని పక్కన నిలబెట్టుకుంది.

మర్నాడు పేపర్లో ఫొటో వచ్చింది. దాని కింద ప్రసన్నకుమారి పేరు, పక్కన 'తదితరులు' అని ఉంది. జీవమ్మ దాన్ని చాలాసేపు చూసింది. తర్వాత చెల్లెలికి ఫోన్ చేసింది.

"వచ్చే లారీకి మా కర్నూలు సరుకే ఎక్కువుంటాది, చూడు."

"తే పోక్కా," అని నవ్వింది ప్రసన్న.

ఇప్పుడు తక్కెడ దగ్గర ఓబన్న కూర్చుంటున్నాడు. చెయ్యి గ్లాసు పట్టుకునేంత వరకు వచ్చింది. జీవమ్మ ఆటో మాట్లాడుకుని ఊరూరా తిరుగుతోంది. మొన్న ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో ఇల్లిల్లూ అడిగి పాత ఫోన్లూ బ్యాటరీలూ బస్తాలకెత్తింది. షెడ్డుకు పోయిన ప్రతిసారీ తన బస్తాలు దించక ముందే కడప వైపు గోడ దగ్గరికి నడిచి, అక్కడ ఎంత సరుకు పడిందో చూసుకుంటుంది.