రాతిచేప వేసే బోరు

సముద్రం మొహం చూడని మా నాయనకు, నేను చదివే రాతిచేప విషం గురించి ఒకరోజు చెప్పాల్సి వచ్చింది. సెలవులకు గుత్తి దగ్గర మా ఊరికి పోయినాను. చేను పక్కనే ఉన్న ఇంటి ముందర తిన్నె మీద కూర్చొని, ల్యాప్‌టాప్‌లో ఆ విషం బొమ్మను అటూ ఇటూ తిప్పి చూస్తాంటే నాయన వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఏంది పాపా అది, చేతి గాజు మాదిరి ఉండాది?"

"చేప ముల్లులోని విషం నాయనా. రెండు రకాల ప్రోటీన్లు జతకడతాయి. ఆ జతలన్నీ ఇట్లా గుండ్రంగా చేరి మన రక్తకణం పొరకు బొక్క వేస్తాయి."

"వేసిన బొక్క పూడిపోదా?"

బోర్లు వేయించిన మనిషి మరి, అదే అడుగుతాడు. "పూడదు. ఈ గాజే నిలబడి పొరను మూసుకోనీదు" అన్నాను.

"అట్లయితే కేసింగు."

బోరులో మన్ను కూలకుండా దించే పైపును కేసింగు అంటారు. నేను ఏళ్లుగా చదివేదాన్ని ఒక్క మాటలో తేల్చేసినాడని ఒళ్లు మండింది. అయినా అంతకన్నా మంచి పోలిక నాకూ దొరకలేదు.

"ఆమీద ఏమైతాది?"

"బయటి నీళ్లు ఆ బొక్కలో నుంచి లోపలికి దూరతాయి. కణం ఉబ్బి పగిలిపోతాది."

నాయన కాసేపు ఆ బొమ్మనే చూసినాడు. తర్వాత చేనులో, నీళ్లు పడని బోర్ల మీద తాను కప్పిన బండల వైపు చూసినాడు.

"ఆ చేప యాడ వేసినా నీళ్లు పడతాయా పాపా?"