పడవలో వెనక్కి చూసే పని

పడవలో నా ఉద్యోగం వెనక్కి చూడటం. నడిపే మనిషి ముందుకు చూస్తాడు. నేను ఆయనకు వీపు పెట్టి కూర్చుని, తాడు చివర నీళ్ళ మీద ఎగురుతూ వచ్చే గాలి ట్యూబునీ, దాని మీద బోర్లా పడుకున్న మనుషులనూ చూస్తాను. ఎవరైనా పడితే అరుస్తాను. పడకపోతే ఊరికే చూస్తూ ఉంటాను. ఇదీ ఒక ఉద్యోగమేనా అని మా ఊళ్ళో అడగనివాళ్ళు లేరు.

మాది కోవిల్‌పట్టి నుంచి కయత్తారు పోయే దారిలో ఒక నల్లరేగడి పల్లె. మాకు నీళ్ళంటే వాన, వాన లేకపోతే బావి. నడుముకు ఖాళీ నూనె డబ్బా కట్టుకుని ఆ బావుల్లోనే ఈత నేర్చుకున్నాను. బస్సులో గంటన్నర పోతే తూత్తుకుడి వైపు సముద్రం వస్తుంది. శని, ఆదివారాల్లో అక్కడికొచ్చే కుటుంబాలను ట్యూబుల మీద లాగే పడవ ఒకటుంది. ఆడవాళ్ళు నీళ్ళలో పడితే పైకెక్కించడానికి ఈత వచ్చిన ఆడమనిషి కావాలన్నారు. ఎవరినీ అడక్కుండా పోయి చేరిపోయాను.

అమ్మకు ఇది ససేమిరా నచ్చలేదు. ఎవరెవరినో బతిమాలి విరుదునగర్‌లో ఒక పప్పు మిల్లు ఆఫీసులో నాకు చోటు చూసింది. ఫ్యాను కింద కుర్చీ, చేతిలో పెన్ను, సోమవారం పొద్దున వచ్చి కనబడమన్నారు. నేను పోనన్నాను. మూడు రోజులు మా ఇంట్లో గిన్నెలే మాట్లాడాయి. నాలుగో రోజు అమ్మ పొయ్యి దగ్గర నుంచే అంది:

"సరి. ఆదివారం నేనే వచ్చి సూస్తా. సూసినాక నాకు బయమైతే నువ్వు సోమవారం విరుదునగర్ బస్సెక్కాల. మల్లా మాటల్లేవు."

ఒప్పుకున్నాను. అమ్మ మాటంటే మాటే. ఆ పని నాకు ఎంత ఇష్టమో నాకే అప్పుడు తెలిసింది.

ఆదివారం అమ్మ వచ్చింది. ఒడ్డున నిలబడి ఒక చుట్టు చూసి, పెదవి విరిచింది. "ఈడ నిలబడి సూస్తే ఏం తెలస్తాది? నన్నూ ఎక్కించు" అంది. చీరతో ఎక్కనివ్వం, తడిసిన చీర కాళ్ళకు చుట్టుకుంటుంది. నా చుడీదారు ఇచ్చాను. యాభై దాటాక మొదటిసారి చుడీదారు వేసుకున్న మా అమ్మ, దాన్ని కుట్టిన దర్జీని తిట్టుకుంటూ బయటికొచ్చింది.

పడవ నడిపే అన్న సముద్రం ఒడ్డునే పుట్టిన మనిషి. చాదస్తం ఎక్కువ. మా పడవ నిజానికి నీళ్ళ మీద పలకెక్కి నిలబడి ఆడే ఆటకు చేసింది, దాని మధ్యలో ఎత్తుగా ఒక ఇనప కమాను ఉంటుంది. తాడు దానికి కడితే ట్యూబు ఇంకా ఎగురుతుందని వచ్చినవాళ్ళు ఆశపడతారు. ఆయన ఒప్పుకోడు. ట్యూబు బరువుకు కమాను విరగొచ్చు, పడవే ఒరగొచ్చు అంటాడు. వెనక కిందనున్న కొక్కేనికే కడతాడు. రోజూ పొద్దున తాడును మొదటి నుంచి చివరి దాకా వేళ్ళతో తడుముతాడు. ఎక్కడైనా పీచు లేస్తే ఆ తాడు ఇక పడవెక్కదు. ఆయన దగ్గర పని నేర్చుకున్నాక మా ఇంటి బావి తాడును చూస్తే నాకే భయమేసింది.

ఎక్కేవాళ్ళకు చెప్పాల్సినవన్నీ చెప్పడం నా వంతు. బొటనవేలు పైకి చూపిస్తే వేగం కావాలని, కిందికి చూపిస్తే తగ్గించమని, మెడ మీద చెయ్యి అడ్డంగా ఆడిస్తే ఆపమని. నీళ్ళలో పడ్డాక బాగానే ఉంటే ఒక చెయ్యి పైకెత్తాలి. ట్యూబు పిడిని గుప్పిటతో పట్టుకోవాలి, పట్టు జారితే వదిలెయ్యాలి. చివర్లో, పిడి ఎలా పట్టుకున్నారో చేతులు చూపించండి అంటాను. ఇదంతా నాకు తమిళంలోనే వచ్చు. ఇంట్లో తెలుగే మాట్లాడతాం, కానీ ఆ తెలుగులో మా అమ్మకు ఇలా చెయ్యి, అలా చెయ్యకు అని ఎన్నడూ చెప్పి ఎరగను. లైఫ్ జాకెట్ బిగించాను, భుజాల దగ్గర పట్టి పైకి లాగి జారడం లేదని చూశాను. సైగలు చూపించాను. చేతులు చూపించమనడానికి మాత్రం నోరు రాలేదు. అమ్మనే అడగడమేమిటని సిగ్గుపడ్డాను. తప్పు నాదే.

అమ్మను ట్యూబు మీద బోర్లా పడుకోబెట్టి నేను నా చోటుకొచ్చాక, అన్న పడవను మెల్లగా కదిలించాడు. వదులుగా ఉన్న తాడు నీళ్ళలోంచి కొద్దికొద్దిగా పైకి లేస్తోంది. అమ్మ కుడిచేతిని అప్పుడు చూశాను. ట్యూబు పిడికున్న పట్టీలోకి చెయ్యి దూర్చి, దాన్ని మణికట్టుకు రెండు చుట్లు తిప్పి పట్టుకుంది. నాయన నడుము విరిగిన ఏడు మడక పట్టి మా చేను దున్నింది అమ్మే. బెదిరే ఎద్దు చేజారకుండా పగ్గాన్ని మణికట్టుకు చుట్టుకోవడం ఆమెకు అలవాటు. అలా చుట్టుకున్నందుకే ఆ ఏడు మా ఎద్దూ నిలిచింది, మేమూ నిలిచాం. ఇక్కడ అలా చుట్టుకుని పడితే చెయ్యి తెగిపోతుంది.

"అణ్ణా, నిప్పాట్టుంగ!" అని అరిచాను. ఆయన ఎందుకని అడగలేదు, టక్కున ఆపాడు. తాడు మళ్ళీ నీళ్ళలోకి వాలింది.

"అమ్మా! చేతికి సుట్టింది తీసెయ్!"

"తీస్తే పడిపోతానే!"

"పడు! పడితే నేనుండా. సుట్టుకుంటే చెయ్యి పోతాది. తీస్తావా, లేదా?"

అమ్మ మీద నేను గొంతెత్తడం అదే మొదలు. ఆమె నన్ను ఎగాదిగా చూసి, ఒక్కొక్క చుట్టే విప్పింది. ముఖం మాడిపోయింది. విరుదునగర్ బస్సుకు నా టికెట్టు నేనే కొట్టుకున్నాననుకున్నాను. ఏడుపొచ్చింది, కానీ ఏడిస్తే కళ్ళు మసకబారతాయని ఆపుకున్నాను.

కాసేపటికి అమ్మ బొటనవేలు పైకెత్తింది.

అన్న చిన్నపిల్లలను లాగినంత నెమ్మదిగా లాగాడు, మలుపులు దూరంగా తిప్పాడు. అమ్మ మొదట కళ్ళు మూసుకుంది. తర్వాత ఒకటి తెరిచింది. తర్వాత నోరు తెరిచింది, ఆ నోరు మళ్ళీ మూయలేదు. నవ్వుతోందో అరుస్తోందో ఇంజను చప్పుడులో వినబడలేదు. మా పడవ లేపిన అల మీదికి ట్యూబు ఎక్కి దిగగానే ఆమె పక్కకు జారింది, పిడి వదిలేసింది.

"పడింది!" అని అరిచి, పడినవాళ్ళున్నారని తెలిపే జెండా ఎత్తాను. రెండో చేత్తో ఆమె పడిన చోటునే చూపిస్తూ ఉన్నాను. పడవ తిరిగేంతసేపూ చూపు మరల్చకూడదు. నారింజ రంగు జాకెట్ తేలింది. జుట్టంతా ముఖం మీద పడి ఉంది. అప్పుడు నీళ్ళలోంచి ఒక చెయ్యి నిటారుగా లేచింది.

దగ్గరికి పోయాక అన్న ఇంజను పూర్తిగా ఆపేశాడు. నిచ్చెన దింపి, అమ్మను చంకల కింద పట్టి ఎక్కించాను. ఉప్పునీళ్ళు ఉమ్మి, దగ్గి, నా పక్కన కూలబడింది. తువ్వాలు కప్పాను. ఒడ్డు దాకా ఏమీ అడగకూడదనుకున్నాను. ఆమే అడిగింది.

"నేను పడింది సూసినావా?"

"సూసినా."

"అంతకు ముందు?"

"నువ్వు ఎక్కినప్పట్నించీ సూస్తానే ఉండా."

"అంతసేపూ నన్నేనా?"

"నిన్నేనమ్మా. కన్ను తిప్పితే నా పని పోతాది."

అమ్మ తువ్వాలుతో ముఖం తుడుచుకుంది. తుడిచిన చోటే మళ్ళీ తుడుచుకుంది. "నాకు బుద్ది తెలిసినాక నన్ను ఇంతసేపు ఎవురూ సూడలేదు పాపా. మీ నాయన కూడా" అంది. అందులో ఫిర్యాదు లేదు. ఈ ఏడు వాన పడలేదని చెప్పినట్టు చెప్పింది. నాకు మాత్రం ఇక ఆగలేదు, ఏడ్చేశాను.

పడవ ఒడ్డుకు చేరింది. తర్వాతి కుటుంబం జాకెట్లు వేసుకుని వరసలో ఉంది, ఇద్దరు పిల్లలు తల్లి చేతులు పట్టుకుని గెంతుతున్నారు. నేను అమ్మ భుజం వదల్లేదు.

"అమ్మా, రేపు విరుదునగర్..." అన్నాను.

"రేపేంది? నన్ను సూసింది సాలు. ఆ పిల్లోల్లు నిలబడి ఉండారు. పోయి వాల్లను సూడు."